వాడని బలం
శుద్ధి అంటే దోషం లేకపోవడమేనా? పెడల్ స్టీల్ గిటార్ ముందు కూర్చున్నప్పుడల్లా నాకిదే ప్రశ్న. నా ఆంప్లిఫయర్ ఫెండర్ ట్విన్ రివర్బ్, 85 వాట్లు. చిన్న గదికి ఇంత ఎందుకంటారు. తీగ మీటగానే ధ్వని ఒక్కసారిగా ఎగుస్తుంది. ఆ పోటుకు ఆంప్లిఫయర్ చాలకపోతే తరంగాల కొసలు తెగి, స్వరం గరగరమంటుంది. అందుకే వాల్యూమ్ పెడల్ సగంలో ఉంచి మీటుతాను. స్వరం సన్నగిల్లేకొద్దీ పాదంతో మెల్లగా నొక్కుతాను. వాడకుండా దాచిన బలమే ఇక్కడ శుద్ధి.

మరి అమెరికాలోని హౌస్ ఆఫ్ గాడ్ చర్చిల మాటేమిటి? అక్కడి ఆఫ్రికన్ అమెరికన్ వాద్యకారులు 1930ల చివరి నుంచీ స్టీల్ గిటార్‌తో ఆరాధన నడుపుతున్నారు. వాళ్ల స్వరం తరచూ పగులుతుంది, ఏడుస్తుంది, కేకేస్తుంది. అదీ ప్రార్థనే. గరగర పాపం కాదు. బలం చాలక పగలడం వేరు, భక్తి పొంగి పగలనివ్వడం వేరు. వినేవాళ్లకు తేడా తెలియకపోయినా, మీటేవాడికి తెలుస్తుంది.