మీ గోడ కాగితం, తల్లీ

అమ్మడూ,

గోడలో ఆస్బెస్టాస్ లేదని ల్యాబ్ వాళ్లు తేల్చారని నువ్వు చెప్పాక నా ప్రాణం కుదుటపడింది. ఆ రోజు పడగ్గది ఫోటోలు పంపి, "ఆదివారం గీకి మడ్ పెట్టేస్తా మామయ్యా" అన్నావు. నేను కసిరినట్టు మాట్లాడాను. మనసులో పెట్టుకోకు. మీ ఇల్లు 1974లో కట్టింది. ఆ రోజుల్లో అమెరికాలో డ్రైవాల్ అతుకుల మీద పూసే జాయింట్ కాంపౌండ్‌లో, అంటే మనం మడ్ అనే దాంట్లో, ఆస్బెస్టాస్ కలపడం మామూలు. 1977లో గానీ నిషేధించలేదు. కదపకపోతే దాని మానాన అది పడి ఉంటుంది. ఉప్పుకాగితం పెట్టి రుద్దామా, గాల్లో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కింద పది నెలల పిల్లాడు పాకుతున్న ఇల్లది. నేనెలా ఊరుకోను? రంగులో సీసం ఉందేమో కూడా చూపించావు, మంచి పని చేశావు.

ఇక పని మొదలుపెట్టొచ్చు. అంతకుముందు ఒక్క మాట బుర్రలో పెట్టుకో. మీ గోడ కాగితం.

తెనాలిలో మనింటి గోడ ఇటుక, సిమెంటు, పైన లప్పం. ఎంత గీకినా, ఎంత తడిపినా చెక్కు చెదరదు. ఇక్కడి గోడ అరంగుళం మందం జిప్సం పలక, దానికి రెండు వైపులా కాగితం. 1894లో అగస్టీన్ సాకెట్ పేటెంట్ తీసుకున్న తొలి పలక కూడా కాగితం పొరల మధ్య ప్లాస్టరే. లోపలి జిప్సం గోటితో గీరితే రాలిపోతుంది. పలకకు బిగువునిచ్చేది కాగితం. స్క్రూ తల ఆనేది కాగితం మీద. మడ్ పట్టుకునేదీ దాన్నే.

ఇది తెలియక నేను వచ్చిన కొత్తలో ఒక గోడ పాడుచేశాను. మేస్త్రి ప్లాస్టరింగ్‌కు ముందు గోడ మీద నీళ్లు కొడతాడు కదా, అలాగే చేయాలనుకుని చిరిగిన చోట శుభ్రంగా తడిపాను. కాగితం ఉబ్బి బొబ్బలు లేచింది. దాని మీదే మడ్ పూశాను. ఆరాక బొబ్బలన్నీ అలాగే నిలిచాయి. నువ్వు అద్దం ఊడబెరికిన చోట గోధుమరంగు కాగితం బయటపడి ఉంది చూశావా, నాకు అప్పటి నా గోడే గుర్తొచ్చింది.

అక్కడ ముందు చెయ్యాల్సింది పూయడం కాదు, కొయ్యడం. చిరుగు చుట్టూ పదునైన బ్లేడుతో గీత గీసి, వదులుగా ఉన్న కాగితమంతా ఊడదీసెయ్. మంచి కాగితం అంచు గట్టిగా అంటుకుని ఉండాలి. నూగు లేస్తే తేలిగ్గా ఒకసారి రుద్దు. తరవాత చిరిగిన డ్రైవాల్ కోసమే అమ్మే సీలర్ గానీ, ఆయిల్ ప్రైమర్ గానీ పట్టించి పూర్తిగా ఆరనియ్యి. ఆ పూత పడ్డాక ఇక కాగితం నీళ్లు తాగదు. అప్పుడు పల్చగా మడ్ లాగు.

తలుపు పిడి తగిలి పడ్డ కన్నం సంగతి వేరు. ముందు తలుపుకు స్టాపర్ పెట్టు, లేకపోతే మళ్లీ అక్కడే పడుతుంది. ఆ గదికి కరెంటు బ్రేకర్ ఆపి, టార్చి వేసి, లోపల వైరు, పైపు ఏవీ లేవని చూసుకుని కన్నాన్ని చతురస్రంగా కొయ్యి. లోపల పైనా కిందా రెండు చెక్క ముక్కలు అడ్డంగా పెట్టి, గోడలోంచి స్క్రూలతో బిగించి, వాటి మీద కొత్త పలక ముక్క కూర్చు. స్క్రూ తల కాగితం మట్టం కన్నా కొంచెం లోపలికి, చిన్న గుంటలా దిగాలి. కాగితాన్ని చీల్చుకుని పోయిందంటే ఆ స్క్రూ ఉన్నా లేనట్టే, పక్కన ఇంకొకటి వెయ్యి.

సందులు నింపడానికి బకెట్ మడ్ వాడకు. పొడి రూపంలో వచ్చే, నలభై అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం తెచ్చుకో. దాన్నే హాట్ మడ్ అంటారు. అదంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. జిప్సం రాయిని కాల్చితే అందులోని నీళ్లు చాలావరకు పోయి పొడవుతుంది. మనం మళ్లీ నీళ్లు కలిపితే ఆ పొడి వాటిని తిరిగి తీసుకుని రాయిగా మారుతుంది. గట్టిపడేటప్పుడు చెయ్యి పెట్టి చూడు, గోరువెచ్చగా ఉంటుంది. బకెట్ మడ్ అలా కాదు. నీళ్లు ఆవిరైతేనే ఆరుతుంది, ఆరుతూ కుంచించుకుపోతుంది. అందుకే మందంగా పెడితే పగుళ్లిస్తుంది. హాట్ మడ్ గడ్డపెరుగులా కలుపు, ఒక్కసారికి సరిపడా మాత్రమే. గట్టిపడుతున్న దాంట్లో కొత్త పొడి కలపకు, అదీ వెంటనే బిగుసుకుపోతుంది. గిన్నె సింకులో కడగొద్దు, అది నీళ్లలో కూడా గట్టిపడుతుంది, పైపు మూసుకుపోతుంది. మిగిలింది చెత్తలో వేసి, గిన్నె గోడ దగ్గరే తుడిచెయ్యి.

సందులు నిండాక అతుకుల మీద కాగితం టేపు. కింద మడ్ పల్చగానే పరుచు, కానీ ఎక్కడా పొడిచోటు మిగలకూడదు. మిగిలితే ఆరు నెలలకు అక్కడ బుడగ లేస్తుంది. మడ్ పూసే ఆరంగుళాల నైఫ్‌తో నొక్కుతూ, మిగులు మడ్‌ని పక్కలకు పిండెయ్.

ఆపై రెండు పూతలు బకెట్ మడ్‌తో, ఒక్కొక్కటి ఒక రోజు పూర్తిగా ఆరాక. నీ తొందర నాకు తెలుసమ్మా. పైకి తెల్లగా కనిపించినా చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. రెండో పూతకు పదంగుళాల నైఫ్, మూడోదానికి పన్నెండంగుళాలది. టేపు మందం గోడ మీద ఎలాగూ కొంచెం లేస్తుంది. దాన్ని అరిగించాలని చూడకు. చుట్టూ వెడల్పుగా పరిచి, కంటికి దొరకనంత వాలు చెయ్యి. నైఫ్ బయటి అంచు మీద బరువు వేస్తే మడ్ అంచు గోడలో కలిసిపోతుంది. అయిదంగుళాల కన్నానికి అడుగున్నర వెడల్పు పూత పడితే అది తప్పు కాదు, పద్ధతే.

ఎంత జాగ్రత్తగా పూస్తే రుద్దడం అంత తక్కువ. గీతలు, బొడిపెలు ముందు నైఫ్‌తోనే గీకెయ్. తరవాత 150 నంబరు ఉప్పుకాగితం. రాత్రి గదిలో లైటు ఆపి, టార్చి గోడకు ఆనించి పక్కవాటంగా వెలుగు పడనిస్తే ఎత్తుపల్లాలన్నీ కనిపిస్తాయి. కాగితం నూగు లేవడం మొదలైందంటే చెయ్యి ఆపు. గుమ్మానికి ప్లాస్టిక్ షీటు కట్టు, ఏసీ ఆపు, ఎన్-95 మాస్కు పెట్టుకో. పిల్లాణ్ణి ఆ పూట పక్కింటి వాళ్ల దగ్గర ఉంచు. అది కుదరకపోతే పొడిగా రుద్దొద్దు. తడి స్పాంజితో మెల్లగా తుడిచినా నునుపు వస్తుంది. కాగితం నానేంత తడి మాత్రం వద్దు.

మీ గోడకు నారింజ తొక్కలా గరుకు ఉంది. అది స్ప్రే డబ్బాల్లో దొరుకుతుంది, ముందు అట్టముక్క మీద కొట్టి చూసుకో. ప్రైమర్ మానకు. పాత రంగు, కొత్త మడ్, కాగితం మూడూ రంగుని మూడు రకాలుగా పీలుస్తాయి. ప్రైమర్ లేకపోతే అతుకు వేసిన చోటు మచ్చలా తేలుతుంది. రంగు కూడా ఆ ముక్కకే కాదు, ఈ మూల నుంచి ఆ మూల దాకా గోడంతా వెయ్యి.

నేను వచ్చే నెల మొదటి శనివారం హ్యూస్టన్ నుంచి వస్తాను. పన్నెండంగుళాల నైఫ్ కొనకు, నాది తెస్తాను. ఈలోగా టేపు దాకా చేసి ఉంచు. సీలింగ్ మీద ఆ పసుప్పచ్చ మరకని మాత్రం ముట్టుకోకు. అది నీళ్ల మరక. ఎక్కడ కారుతోందో ఇద్దరం అటక ఎక్కి చూశాకే దాని సంగతి.

మీ మామయ్య