ఎముక మెచ్చిన లోహం

మామిడి కాలంలో బంగారుపాళ్యం మార్కెట్ యార్డుకు వెళ్ళినవాళ్ళ కళ్ళు కాయల మీదే ఉంటాయి. చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో బారులు తీరిన ట్రాక్టర్లు, వాటి నిండా తోతాపురి, పక్కనే గుజ్జు ఫ్యాక్టరీలకు బయలుదేరే లారీలు. నా కళ్ళు మాత్రం ఆ కాయలు మోసే మనుషుల నడుం కిందికి జారిపోతాయి. క్రేటు భుజానికెత్తుకున్న మనిషి లారీకి ఆనించిన పలక మీద ఒక కాలు మోపి, రెండో కాలు నేల మీంచి లేపుతాడు. ఆ అరక్షణం చూడండి. మనిషి బరువూ కాయల బరువూ ఒక్క తుంటి కీలు మీదే నిలిచాయి. అతనికి ఆ స్పృహే లేదు. పక్కవాడితో ఈరోజు ధర ఎంత పలికిందో మాట్లాడుతూనే ఎక్కేస్తాడు.

అరవై కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడితే కీలు మీద అరవై కిలోలే పడతాయని అనుకుంటాం. అసలు లెక్క వింటే నోరు తెరవాల్సిందే. ఒంటి బరువంతా తుంటికి లోపలి పక్కన ఉంటుంది. మనిషి అటు ఒరిగిపోకుండా బయటి పక్క నుంచి పిరుదు కండరం పట్టి లాగుతుంది. కావడిని భుజం మీద సరిగ్గా నడిమికి కాకుండా ఒక కొసకు దగ్గరగా పెట్టుకున్నామనుకోండి. పొడుగు వైపు బిందెకు సరితూగాలంటే పొట్టి వైపు దానికి రెండింతలు వేలాడదీయాలి. భుజం మోసేది రెండు వైపులదీ కలిపి. తుంటి చేసే పని అచ్చంగా అదే. బెర్లిన్‌లో గేయోర్గ్ బెర్గ్‌మన్ బృందం కృత్రిమ కీలు లోపలే కొలిచే పరికరాలు అమర్చి, ఆ రోగులు నడుస్తుంటే పడే బరువును రేడియో తరంగాల ద్వారా బయటికి తెప్పించుకుంది. మామూలు నడకలో అడుగడుగునా ఒంటి బరువుకు సుమారు రెండున్నర రెట్లు పడుతోందని తేలింది. ఒక రోగికి కాలు తడబడింది. పడిపోకుండా నిలదొక్కుకున్న ఆ ఒక్క క్షణంలో లెక్క ఎనిమిది రెట్లు దాటింది.

మన వైపు మనిషికి ఇది ఇంకా బాగా తెలియాలంటే అలిపిరి దగ్గర నిలబడాలి. అక్కడి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. గోవిందా గోవిందా అంటూ ఎక్కే యాభై కిలోల ముసలమ్మ ప్రతి మెట్టుకూ ఒక తుంటి మీద నూట పాతిక కిలోల దాకా మోస్తుంది. కొండెక్కాక కాళ్ళు పీకుతున్నాయంటుందే గానీ తుంటి మాటే ఎత్తదు.

ఎత్తకపోవడానికి కారణం ఎముక చివర అంటుకుని ఉన్న కొద్ది మిల్లీమీటర్ల తెల్లని మృదులాస్థి. దానిలో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. ముప్పాతిక వంతు నీరే. బరువు పడగానే ఆ నీరు ఎటూ పోలేక తనే బరువు మోస్తుంది, కొంత పైకి ఊరి ఉపరితలాన్ని తడుపుతుంది. రెండు మంచుగడ్డలు ఒకదాని మీద ఒకటి జారే దానికంటే నున్నగా జారుతుంది ఈ బంతి తన గిన్నెలో. మనిషి ఇంతవరకూ చేసిన ఏ బేరింగూ డెబ్భై ఏళ్ళు నూనె మార్చకుండా, విప్పి తుడవకుండా ఇలా పనిచేయలేదు.

బంతి కింద ఉన్న తొడ ఎముకను నిలువునా కోస్తే ఇంకో వింత. లోపల గట్టి దిమ్మె ఉండదు, సన్నని ఎముక పోగులు వంపులు తిరుగుతూ అల్లుకుని ఉంటాయి. 1866లో జూరిచ్‌లో శరీరశాస్త్రవేత్త హెర్మన్ ఫాన్ మేయర్ దగ్గర ఈ కోతను చూసిన ఇంజనీరు కార్ల్ కుల్మన్ నివ్వెరపోయాడు. బరువెత్తే క్రేనుకు ఒత్తిడి ఏ దారిన ప్రవహిస్తుందో చూపడానికి తాను తన శిష్యులకు గీసే గీతలే అవి. ఎవరూ నేర్పకుండా ఎముక వాటిని గీసుకుంది. 1892లో యూలియస్ వోల్ఫ్ దీన్ని సూత్రంగా చెప్పాడు: బరువు పడే చోట ఎముక బలపడుతుంది, బరువు పడని చోట కరిగిపోతుంది. తుంటి మార్పిడి శాస్త్రమంతా ఈ ఒక్క మాటకు లోబడి నడిచింది. ఇప్పటికీ నడుస్తోంది.

కీలు ఒకసారి చెడితే బతుకు మంచానికీ గుమ్మానికీ మధ్య కుదించుకుపోతుంది. "గుజ్జు అరిగిపోయిందన్నారు" అని మనవాళ్ళు చెప్పుకునేది ఆ మృదులాస్థి గురించే. బాత్‌రూంలో జారి తొడ ఎముక మెడ విరిగిన పెద్దవాళ్ళు, స్టెరాయిడ్ల వల్లో తాగుడు వల్లో రక్తం అందక బంతి కుంగిపోయిన నడివయసువాళ్ళు, కీళ్ళవాతంతో ఏళ్ళ తరబడి లాక్కొచ్చినవాళ్ళు, అందరూ చివరికి ఒకే ప్రశ్న దగ్గరికి వస్తారు. ఈ బంతీ గిన్నెకు బదులు ఏం పెట్టాలి?

దానికి నిలిచే జవాబు ఇంగ్లండులోని లాంకషైర్‌లో, రైటింగ్టన్ ఆసుపత్రిలో దొరికింది. జాన్ చార్న్లీ శస్త్రవైద్యుడే, కానీ రాపిడి అంటే పిచ్చి ఉన్నవాడు. తెఫ్లాన్‌తో గిన్నె చేశాడు. మన దోసె పెనం మీది పూత అది, అంతకంటే నున్ననిది దొరకదు. దాదాపు మూడు వందల మందికి పెట్టాడు. రెండు మూడేళ్ళకే గిన్నెలు అరిగిపోయాయి, రాలిన పొడి చుట్టూ కణజాలం వాచి ముద్దకట్టింది. రోగులను పిలిచి మళ్ళీ కోయాల్సి వచ్చింది. పొడి ఒంటికి ఏం చేస్తుందో తేల్చుకోవడానికి చార్న్లీ ఆ తెఫ్లాన్‌ను తన తొడ చర్మం కిందే పెట్టించుకున్నాడు. గడ్డలు లేచాయి. తన పరికరం పెట్టే బాధ తన ఒంట్లోనూ ఉండాలనుకున్న వైద్యుడికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

అయితే నన్నడిగితే ఈ కథలో నాయకుడు హ్యారీ క్రేవెన్. చార్న్లీ వర్క్‌షాపులో సాంకేతిక నిపుణుడు. 1962 మేలో ఒక ప్లాస్టిక్ అమ్మకందారు వచ్చి, మర మగ్గాల పళ్ళచక్రాలకు వాడే పాలిథిలీన్ ముక్కను చూపించాడు. చార్న్లీ దాన్ని బొటనవేలి గోటితో గుచ్చి చూసి, ఇది పనికిరాదని పెదవి విరిచి వెళ్ళిపోయాడు. క్రేవెన్ పారేయలేదు. చార్న్లీ సదస్సుకని కోపెన్‌హేగెన్ వెళ్ళిన సమయంలో ఆ ముక్కను అరుగుదల యంత్రానికి ఎక్కించి రాత్రీ పగలూ తిప్పాడు. మూడు వారాలు తిరిగినా తెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అరగలేదు. ఆ నవంబరులో తొలి రోగికి ఆ గిన్నె పెట్టారు. మనం కూరగాయలు తెచ్చుకునే పాలిథిన్ సంచీ జాతిదే ఇదీ. దీని గొలుసులు మాత్రం మహా పొడుగు, అణుభారం లక్షలు దాటి కోట్ల వైపు చూస్తుంది. గోటికి లొంగినది లోహపు బంతికి లొంగలేదు.

చార్న్లీ బంతి చాలా చిన్నది. 22.225 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. బంతి చిన్నదైతే రాపిడి గిన్నెను మెలితిప్పే బలం తగ్గుతుందని ఆయన లెక్క. గిన్నెనూ తొడలోకి దిగే లోహపు కాడనూ నిలబెట్టడానికి దంతవైద్యులు వాడే అక్రిలిక్‌ను తీసుకున్నాడు. పొడీ ద్రవమూ కలిపితే వేడెక్కి నిమిషాల్లో గట్టిపడుతుంది. దీన్నే డాక్టర్లు బోన్ సిమెంట్ అంటారు. ఇది అతికించదు. ఎముక లోపలి సందుసందులోకీ దూరి గట్టిపడి, బరువును ఒక్క చోట కాకుండా అంతటా పరుస్తుంది. వోల్ఫ్ మాట గుర్తున్న మనిషి చేసే పని అది. తాను ఆపరేషన్ చేసినవాళ్ళను ఆయన ఇంకొకటి అడిగాడు. తమ తదనంతరం ఆ కీలు పరీక్షకు ఇవ్వమన్నాడు. చాలామంది మాట ఇచ్చారు, నిలబెట్టుకున్నారు. ఇరవై ఏళ్ళు నడిచిన గిన్నె ఎంత అరిగిందో లోకానికి తెలిసింది ఆ మాట వల్లనే.

సిమెంట్ లేకుండా లోహాన్ని ఎముకే పట్టుకుంటే? దీనికి దారి 1952లో స్వీడన్‌లో కుందేలు కాలి ఎముకలో దొరికింది. ఎముకలో రక్తం ఎలా ప్రవహిస్తుందో చూడటానికి పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ టైటానియం గొట్టం బిగించాడు. పని అయ్యాక తీయబోతే రాలేదు, ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. టైటానియం గాలి తగిలిన క్షణంలోనే కొద్ది నానోమీటర్ల ఆక్సైడ్ పొరను కప్పుకుంటుంది. ఆ పొరను ఒళ్ళు పరాయిదిగా చూడదు. అందుకే నేటి కాడల మీద ఎముక పాకడానికి వీలుగా గరుకు ఉంచుతారు, కొన్నిటికి ఎముకలో ఉండే కాల్షియం ఫాస్ఫేట్‌నే పూతగా వేస్తారు.

ఇక్కడే నాకు ఒళ్ళు పులకరించే సంగతి ఉంది. లోహం ఎంత గట్టిదైతే అంత మంచిదనుకుంటాం. ఎముక బిరుసు ఒకటి అనుకుంటే టైటానియం మిశ్రమానిది దాదాపు ఆరు, కోబాల్ట్ క్రోమియంది పన్నెండు. మరీ బిరుసైన కాడ దిగితే బరువంతా తనే మోసేస్తుంది. చుట్టూ ఉన్న ఎముకకు పని ఉండదు, పని లేని ఎముక ఏళ్ళు గడిచే కొద్దీ పలచబడుతుంది. అందుకని ఇంజనీర్లు కష్టపడింది లోహాన్ని వంగేలా చేయడానికి, తన వాటా మోసి మిగతాది ఎముకకు వదిలే గుణం నేర్పడానికి. టైటానియం తొంభై పాళ్ళు, అల్యూమినియం ఆరు, వెనేడియం నాలుగు. ఈ పాళ్ళే విమానాల్లోనూ ఎగురుతాయి. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో 1973లో పుట్టిన మిధాని రాకెట్లకూ క్షిపణులకూ టైటానియం మిశ్రమాలు పోస్తుంది, మనిషి ఎముకల్లో అమర్చే పరికరాలకూ పోస్తుంది. అదే ఊళ్ళో అబ్దుల్ కలాం అగ్ని క్షిపణికి వాడిన తేలికపాటి పదార్థంతో నిమ్స్ ఆసుపత్రి పిల్లలకు కాలిపర్లు చేయించారు. మూడు కిలోల పైచిలుకు ఇనుము మోస్తూ నడిచిన పోలియో పిల్లల కాళ్ళకు అవి 300 గ్రాములయ్యాయి.

1985లో తిరుమల తిరుపతి దేవస్థానం తిరుపతిలో బర్డ్ ఆసుపత్రి పెట్టింది అలాంటి కాళ్ళ కోసమే. ఈనాడు అక్కడ తుంటి మార్పిడి చేస్తున్నారు. కొండెక్కలేక కింద నుంచే దండం పెట్టుకునే వాళ్ళకు, కొండ పాదాల దగ్గరే కొత్త తుంటి దొరుకుతోంది.

మనవాళ్ళ కీళ్ళకు పడమటి దేశాలు తలచని పరీక్ష ఇంకొకటుంది. నేల మీద బాసిపట్లు వేసుకుని తింటాం, గొంతుకూర్చుని కాయలు ఏరుతాం. అంత మడత పడితే చిన్న బంతి గిన్నె అంచు దాటి జారిపోయే ప్రమాదం. దానికి జవాబూ పాలిథిలీన్ నుంచే వచ్చింది. గామా కిరణాలతో దాని గొలుసులను ఒకదానికొకటి ముడివేస్తే అరుగుదల బాగా తగ్గింది. అప్పుడు 32, 36 మిల్లీమీటర్ల పెద్ద బంతులు పెట్టే ధైర్యం వచ్చింది. పెద్ద బంతి బయటికి రావాలంటే దూరం ఎక్కువ పోవాలి. ఆ బంతిని ఇప్పుడు పింగాణీతోనూ చేస్తున్నారు, 1970లో ఫ్రాన్స్‌లో పియర్ బుటాన్ మొదలుపెట్టిన దారి అది. వేలితో తాకితే మనకు నున్నగా అనిపిస్తుంది, దాని అసలు నునుపు వేలికి అందేది కాదు. దాని మీది ఎగుడుదిగుళ్ళు మైక్రాన్‌లో వందో వంతుల్లో ఉంటాయి. అయినా ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరు చెప్పేదాకా కింద కూర్చోకూడదు, గొంతుకూర్చోకూడదు. ఈ మాట పెడచెవిన పెట్టకండి.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. మీ ఇంట్లో తుంటి నొప్పితో కర్ర పట్టినవాళ్ళుంటే, కర్ర ఏ చేతిలో ఉందో చూడండి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. ఎడమ తుంటి నొప్పైతే కర్ర కుడిచేతిలో ఉండాలి. ఆ చేయి కీలుకు దూరం కాబట్టి కర్ర మీద కొద్దిగా ఆనినా చాలు, పిరుదు కండరం లాగాల్సిన బలం ఎంతో తగ్గుతుంది, దాంతో కీలు మీది బరువూ తగ్గుతుంది. ఇది సిగ్గుపడాల్సిన పని కాదు. 1956లో అమెరికా ఎముకల వైద్యుడు వాల్టర్ బ్లౌంట్ ఈ లెక్కలన్నీ చూపించి సాటి డాక్టర్ల కోసం రాసిన వ్యాసానికి పెట్టుకున్న పేరే "చేతికర్రను పారేయకండి" అని.