దారి ఎవరిది?

రష్యన్‌లో డ్రైవింగ్ లైసెన్సుని 'ప్రావా' అంటారట. ఆ మాటకి అర్థం హక్కులు. ఈ సంగతి నాకు చెప్పింది ఖార్కివ్ నుంచి వచ్చిన ఒకావిడ.

సియాటిల్ దగ్గర మా ఊరి లైబ్రరీలో శనివారాలు నేను వలస వచ్చినవాళ్ళని డ్రైవింగ్ రాతపరీక్షకి చదివిస్తుంటాను. ఎక్కువమంది రష్యన్ మాట్లాడేవాళ్ళే గానీ రష్యన్లు కారు. ఉక్రెయిన్, మాల్డోవా, ఉజ్బెకిస్తాన్ల నుంచి వచ్చినవాళ్ళు. చిన్నప్పుడు విశాలాంధ్ర వ్యాన్ దగ్గర కొనుక్కున్న రాదుగ వారి పుస్తకాలు తప్ప ఆ దేశాలతో నాకే పరిచయమూ లేదు. ఫోన్లో అనువాదం, కాగితం మీద బొమ్మలు, చేతి సైగలు, వీటితోనే మా చదువు నడుస్తుంది.

వాషింగ్టన్ రాష్ట్రంలో 40 ప్రశ్నలు. 32 సరిగ్గా రాస్తే పాసు. రష్యన్‌లోనూ రాయొచ్చు. అయినా తప్పుతారు. తెలియక కాదు, వేరేగా తెలిసి. తెల్లంచు ఉన్న పసుపుపచ్చ డైమండ్ బోర్డు వాళ్ళ దేశాల్లో 'నువ్వు ప్రధాన రోడ్డు మీదున్నావు, ముందు నువ్వే వెళ్ళు' అంటుంది. ఇక్కడ పసుపు డైమండంటే 'జాగ్రత్త'. ఎర్రలైటు దగ్గర పూర్తిగా ఆగి, ఎవరూ రాకపోతే కుడివైపు తిరగొచ్చంటే నన్ను అనుమానంగా చూస్తారు. నాలుగువైపులా స్టాప్ బోర్డులున్న కూడలి మరీ వింత వాళ్ళకి. ముందొచ్చినవాళ్ళు ముందు వెళ్ళాలి, ఇద్దరూ ఒకేసారి వస్తే కుడిచేతి వైపున్న వాళ్ళు.

ఆవిడకి ఒక వృద్ధురాలిని చూసుకునే పని దొరికింది. బస్సు వెళ్ళని చోటు. లైసెన్సు రెండు వారాల్లో రావాలి. రష్యన్‌లో రాయడం ఆవిడకి ఇష్టం లేదు, ఇంగ్లీషు రాదు. "నాకు అర్థాలు వద్దు, జవాబులు చెప్పు చాలు" అంది. నేను ఒప్పుకోలేదు. అర్థం చేసుకుని రాయాల్సిందేనని కూర్చున్నాను. మొదటిసారి 29 వచ్చాయి. పని ఇంకెవరికో పోయింది.

నా పట్టుదల వెనక నా కథ ఉంది. 2003లో డిపెండెంట్ వీసా మీద వచ్చాను. "ఇవి బట్టీ కొట్టు, ఎలాగూ నేను తీసుకెళ్తాగా" అన్నాడు నా భర్త. కొట్టాను, పాసయ్యాను. మూడేళ్ళు ఆ లైసెన్సు పర్సులో గుర్తింపు కార్డుగా పడి ఉంది. పాల డబ్బాకి కూడా అతని శనివారం కోసం కాచుక్కూర్చునేదాన్ని. అందుకే బట్టీ అంటే నాకు బందిఖానా.

కానీ ఆవిడ 15 ఏళ్ళుగా కారు నడుపుతోంది. 2022లో ఇద్దరు పిల్లల్ని వెనక సీట్లో పడుకోబెట్టి పోలండ్ సరిహద్దు దాకా తనే నడిపింది. ఆవిడకి స్వేచ్ఛ గురించి పాఠం చెప్పడానికి నేనెవర్ని? నా గాయానికి రాసిన మందు ఆవిడ నోట్లో పోశాను. చదువుకున్న ఆడవాళ్ళం సాయం పేరుతో చాలాసార్లు చేసేది ఇదేనేమో. సరే, అలాగని బట్టీయే మేలని ఒప్పేసుకుందామా? పసుపు డైమండ్ చూసి 'దారి నాదే' అనుకుని ఆవిడ స్కూలు ముందు దూసుకెళ్ళి ఉంటే? ఆ దాటే పిల్ల పట్ల కూడా నాకు బాధ్యత ఉంది కదా. ఈ రెండింటినీ ఒకే త్రాసులో పెట్టడం నాకింకా చేతకాలేదు.

దారి హక్కు గురించి చదివినప్పుడు ఆవిడ పగలబడి నవ్వింది. చట్టం ఎవరికీ ఆ హక్కు ఇవ్వదు, ఎవరు దారివ్వాలో మాత్రమే చెబుతుంది. "పేరేమో హక్కులు, లోపలంతా దారివ్వడమేనా! అది మా ఇంట్లో నేర్చుకున్నదేగా" అంది. ఇంట్లో కుడీ ఎడమా చూసే పని లేదు, దారివ్వాల్సింది ఎవరో ముందే ఖాయం. నేనూ నవ్వాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండోసారి పాసయింది. ఇప్పుడు శనివారాలు పక్క బల్ల దగ్గర కూర్చుని తనవాళ్ళకి చెబుతుంది. మొదటి పది నిమిషాలు పసుపు డైమండ్ బొమ్మ వేసి, వేలితో కొట్టి కొట్టి చూపిస్తుంది. ఆ తర్వాతంతా జవాబులే. నా బల్ల దగ్గర ఇద్దరు, ఆవిడ దగ్గర ఆరుగురు.