వీలునామా లేకపోయినా వాటాలు ఉన్నాయి



మన నెల్లూరు తీరాన ఇంటి పెద్ద మరణిస్తే జనాజా నమాజుకు ఊరంతా కదలి వస్తుంది. కాని ఆయన వదలి వెళ్ళిన ఇల్లు, పొలం, రొయ్యల చెరువు సంగతి వచ్చేసరికి మనలో చాలామందిమి అల్లాహ్‌ను మరచిపోతాం. "నాన్న వీలునామా రాయలేదు కదా! చెల్లెలికి పెళ్ళిలో ఇచ్చాం కదా!" అంటూ అంతా మన చేతిలోనే ఉంచుకుంటాం.

నాన్న రాయకపోతేనేం? అల్లాహ్ నిర్ణయించే ఉంచాడు. దివ్యఖుర్ఆన్‌లో అన్‌నిసా సూరా 11, 12 ఆయతులు వారసుల వాటాలను స్పష్టంగా తెలుపుతున్నాయి.

ఉహుద్ యుద్ధంలో హజ్రత్ సాద్ బిన్ రబీ (రజి) షహీద్ అయ్యారు. ఆయన ఆస్తినంతా సోదరుడు తీసేసుకున్నాడు. భార్య ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకొని దైవప్రవక్త (స)కు మొరపెట్టుకున్నారు. వారసత్వ ఆయతు అవతరించింది. ప్రవక్త (స) కూతుళ్ళకు మూడింట రెండు వంతులు, భార్యకు ఎనిమిదో వంతు ఇప్పించారు. మిగిలినదే ఆ సోదరుడికి దక్కింది.

పంపకానికి ముందు కఫన్ దఫన్ ఖర్చులు, తర్వాత అప్పులు తీర్చాలి. మేత దుకాణం బాకీయే కాదు, భార్యకు ఇవ్వని మహర్ కూడా అప్పే. ఇవన్నీ పోను 48 లక్షల ఆస్తి మిగిలిందనుకుందాం. వారసులు భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 6 లక్షలు. మిగతా 42 లక్షల్లో కొడుకుకు రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. కొడుకులకు 14 లక్షల చొప్పున, కూతుళ్ళకు 7 లక్షల చొప్పున వస్తాయి. మృతుని తల్లిదండ్రులు బతికి ఉంటే వారికీ వాటా ఉంది. అప్పుడు లెక్క మారుతుంది. ఆలిములను అడిగి తెలుసుకోవాలి.

"పొలానికి షరీఅత్ వర్తించదు" అనే సాకు కూడా మనకు లేదు. 1937 షరీఅత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించిన మాట నిజమే. కాని నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉండగానే, 1949 సవరణతో ఇక్కడ ఆ మినహాయింపు తొలగిపోయింది.

పెళ్ళిలో పెట్టిన సొమ్ము వారసత్వపు వాటా కాదు. పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో చెల్లెలు పెట్టిన సంతకం ఇష్టంతో పెట్టిన సంతకం కాదు. ముందు ఆమె వాటాను ఆమె చేతిలో పెడదాం. ఆపైన ఆమె మనస్ఫూర్తిగా ఇస్తే అది ఆమె ఇష్టం.

వాటాలు తెలిపిన వెంటనే అల్లాహ్ వాటిని తన హద్దులన్నాడు, మీరినవారిని నరకాగ్ని గురించి హెచ్చరించాడు. ఎవరి వాటా మన దగ్గర ఉండిపోయిందో ఈ రాత్రే లెక్క చూసుకుందాం. హక్కుదారుల హక్కు తీర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.