నియమము ఎవరి కొరకు?

వార్ధక్యమున మధుమేహముతో జీవించు పెద్దలున్న గృహములలో ఒక ధర్మసందేహము తరచుగా తలయెత్తుచుండును. వ్యాధిని అదుపునందుంచుటకు ఎంత కఠిననియమము తగును? దానిని విధించు అధికారము ఎవరిది?

రక్తములో చక్కెర ఎంత తగ్గిన అంత మేలని అనేకుల తలంపు. నడివయస్సువారి విషయమున ఇది కొంతవరకు ఒప్పు. కన్నులను, మూత్రపిండములను, నరములను కాపాడు ఆ ఫలము ఏండ్ల తరబడి నియమము పాటించినవారికే దక్కును. ఎనుబదియేండ్ల వృద్ధునకో, ఆ దూరఫలము కన్న చక్కెర హఠాత్తుగా పడిపోవు అపాయమే సమీపమున నున్నది. డెసిలీటరు రక్తమున 70 మిల్లీగ్రాముల కన్న తగ్గినచో చెమట, వణకు పుట్టును. వృద్ధులలో ఈ సూచనలు కానరాకయే మతి తప్పుటయు, తూలి పడుటయు సంభవింపవచ్చును. మూత్రపిండములు మందగించినవారిలో గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రల ప్రభావము చాలసేపు నిలుచును. తుంటి యెముక విరిగినచో మనుష్యుడు మంచము పట్టును.

కావుననే అమెరికా మధుమేహ సంఘము ఒకే కొలతను అందరకు విధింపలేదు. మూడు నెలల సగటును తెలుపు హెచ్‌బిఏ1సి పరీక్షలో ఆరోగ్యవంతులైన వృద్ధులకు 7 నుండి 7.5 శాతము లోపును, పలు దీర్ఘవ్యాధులు గాని మతిమరపు గాని గలవారికి 8 శాతము లోపును సూచించినది. ఇది అశ్రద్ధకు అనుమతి కాదు. పాదములను నిత్యము పరీక్షించుట, శక్తికొలది నడచుట, వేళకు భుజించుట ఎవరికిని తప్పవు.

ఇక అధికారము మాట. మిఠాయి ముట్టిన తండ్రిని కుమారుడు కోడలి యెదుట గద్దించినచో, ఆ తండ్రి మానడు, చాటున తినును. పరీక్షలో లెక్క పెరుగును. కారణమెరుగని వైద్యుడు మందు హెచ్చించును. మరునాడు ఆకలి లేక పస్తున్న వృద్ధుని ఆ హెచ్చిన మందే పడద్రోయును. భయము అసత్యమును, అసత్యము అపాయమును కనును. శివరాత్రి ఉపవాసమును అట్టిదే. వద్దని శాసించినచో పెద్దలు చెప్పక ఉందురు. ముందుగా వైద్యునితో చెప్పి మాత్రలు మార్చుకొనుట, ఉండదగనివారు పాలు పండ్లు స్వీకరించుట క్షేమము.

మతి నిలిచియున్నంతవరకు దేహము ఎవరిదో నిర్ణయమును వారిదే. బిడ్డల కర్తవ్యము కావలి కాయుట కాదు. నిజము చెప్పుటకు వెరవని చోటును పెద్దలకు ఇంట కల్పించుట.