చాలని మందుతో చేసిన సేవ



ఒకరు తమ బ్రదుకంతయు ధారపోసి చేసిన పని, వారు పోయిన కొన్ని ఏండ్లకే పాతబడిపోయినయెడల ఆ శ్రమ వ్యర్థమా? ఇది పండితులకు విడిచిపెట్టవలసిన ప్రశ్న కాదు. చెరువుకట్ట వేసినవానికిని, వీధిబడిలో అక్షరములు దిద్దించినవానికిని, బిడ్డలను పెంచిన తల్లికిని ఇది తగులును. మనకు దగ్గరనున్న ఒక స్థలమును బట్టి దీనిని ఆలోచింపగోరుచున్నాను.

బిచ్కుందనుండి బాన్సువాడ మీదుగా నిజామాబాదు వైపు పోవువారు డిచ్‌పల్లి పేరు ఎరుగుదురు. 2016లో మనము కామారెడ్డి జిల్లాలోనికి వచ్చితిమి గాని, అంతకుముందు వారిదియు మనదియు ఒకే జిల్లా. మన తాతల కాలమున ఆ ఊరి పేరెత్తినయెడల వినువారు గొంతు తగ్గించెడివారు. పెద్దరోగము వారి ఆసుపత్రి అక్కడ నుండెను గదా.

ఆ ఆసుపత్రిని స్థాపించిన ఇసబెల్ కెర్ 1875లో స్కాట్లాండు ఈశాన్య భాగమున ఒక రైతు ఇంట పుట్టెను. స్త్రీలు వైద్యము చదువుట అరుదైన ఆ దినములలో అబర్డీన్ విశ్వవిద్యాలయమున చదివి 1903లో పట్టము పొందెను. జార్జి కెర్ అను బోధకుని వివాహమాడి, 1907లో అతనితోకూడ నిజాము రాజ్యమునకు వచ్చెను. వెస్లియన్ మెథడిస్టు మిషనువారి పని అప్పుడు నిజామాబాదులో జరుగుచుండెను. జ్వరములు, ప్రసవములు, కండ్ల జబ్బులు చూచు ఆ వైద్యురాలికి, కుష్ఠురోగులు తల దాచుకొను చోటు ఆ ప్రాంతమున లేకుండుట కంటబడెను. నర్సాగౌడ్ అను ధనవంతుడు పెద్ద మొత్తము దానము చేయగా, 1915లో డిచ్‌పల్లిలో ఆశ్రమము ఏర్పడెను. నర్సాగౌడ్ హిందువు. ఈ కథను మనము చెప్పుకొనునప్పుడు ఆయన పేరును త్వరత్వరగా దాటిపోవుదుము. అది న్యాయము కాదు. మంచి సమరయుని గూర్చి ఇన్ని ప్రసంగములు వినిన మనము ఈ గౌడుగారిని మరువదగునా?

మొదటి దినములలో ఆమె చేతిలో ఏమి యుండెను? పుండ్లు కడిగి కట్టు కట్టుట, అన్నము పెట్టుట, నీడ చూపుట. ఈ రోగమునకు కారణమైన సూక్ష్మక్రిమిని నార్వే దేశస్థుడైన హాన్సెన్ 1873లోనే కనుగొనెను గాని, దానిని చంపు మందు ఎవరియొద్దను లేదు. ఈ క్రిమి నరములను పాడుచేయును. చేతికి స్పర్శ పోవును. పొయ్యిమీది గిన్నె కాలినను తెలియదు, కాలిలో ముల్లు దిగినను తెలియదు. వ్రేళ్లు వాటంతట అవే కుళ్లి రాలిపోవునని మనవారు అనుకొనుచుందురు. అట్లు కాదు, నొప్పి తెలియనందున తగిలిన గాయములు ముదిరి వాటిని తినివేయును. నొప్పియు దేవుడిచ్చిన కాపలాదారు అని అప్పుడు గదా తెలియును!

అడవిబాదము అను చెట్టు పడమటి కనుమలలో పెరుగును. దానిని మన పూర్వపు వైద్యులు ఎరుగుదురు. సుశ్రుతుని గ్రంథము తువరకము అను పేరుతో దాని గింజల నూనెను ఈ రోగమునకే చెప్పుచున్నది. అయితే నోట పుచ్చుకొనినయెడల కడుపులో త్రిప్పి వాంతియగును. నెలల తరబడి ఓర్చి త్రాగగలవారు బహు కొద్దిమంది. కలకత్తాలో లియొనార్డ్ రోజర్సు, ఆయన తరువాత స్కాట్లాండువాడే యైన ఎర్నెస్టు మ్యూర్, ఆ నూనెను సూదిమందుగా ఇచ్చు పద్ధతిని వృద్ధిచేసిరి. కెర్ అమ్మగారు మ్యూర్‌తో కలిసి పనిచేసి, ఆ వైద్యమును డిచ్‌పల్లిలో నడిపించెను. ఆ సూది నొప్పి గలది. ఒకటి రెండు సార్లతో తీరునది కాదు. నెలలు, ఏండ్లు పొడిపించుకొనవలెను. 1923లో ప్రభుత్వము ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకమునిచ్చెను. ఆ పతకమునే గాంధీగారు 1915లో పొంది 1920లో తిరిగి ఇచ్చివేసిరి. పతకములను గూర్చి ఇంతకంటె చెప్పనక్కరలేదు. 1932 జనవరిలో ఆమె మరణించెను.

ఇప్పుడు కఠినమైన మాట చెప్పవలెను. ఆ నూనె చాలలేదు. తొలి మచ్చతో వచ్చినవారికి కొంత మేలు కనబడెను. ముదిరినవారికి అంతగా పనిచేయలేదు. నయమైరనుకొనిన కొందరికి మరల తిరుగబెట్టెను. నేటి వైద్యులు దాని బలమును సందేహింతురు. 1941లో అమెరికాలోని కార్విల్ ఆసుపత్రిలో సల్ఫోను మందులు మొదలుపెట్టగా, కొన్ని ఏండ్లలో నూనె సీసాలు మూలబడెను. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇచ్చు పద్ధతిని సిఫారసు చేసెను. నేడు రోగపు తీరునుబట్టి ఆరు నెలలో పండ్రెండు నెలలో బిళ్లలు మ్రింగినయెడల రోగము నయమగుచున్నది. మందు మొదలైన కొద్ది దినములకే ఆ మనుష్యునివలన ఇతరులకు అంటదు.

అట్లయిన ఆమె పొడిచిన వేల సూదులు వ్యర్థమేనా? ప్రేమ యున్నది గనుక చాలును, మందు సంగతి ముఖ్యము కాదు అని కొందరు బోధకులు త్వరపడి జవాబిత్తురు. నేను దానికి ఒప్పుకొనను. ఆమెయే దానికి ఒప్పుకొనలేదు. కట్టు కట్టుటతోను ప్రార్థనతోను తృప్తిపడినయెడల, కలకత్తానుండి వచ్చిన క్రొత్త పద్ధతిని నేర్చుకొనవలసిన పని ఏమి? రోగికి మంచి మాట చాలుననుట ఆరోగ్యవంతులకు సుళువైన వేదాంతము. ఆమె తన కాలమున దొరికిన మందులలో మేలైనదానిని వెదకి, దానిని చివరివరకు శ్రద్ధగా వాడెను. ఏ మనుష్యుడైనను తన కాలపు దీపముతోనే నడువవలెను గదా.

మరియొకటి. నయమగునను ఆశ లేనంతకాలము రోగి మచ్చను గుడ్డక్రింద దాచును. ఎక్కడనో ఒక సూది కలదని వినినప్పుడు దాగినవాడు బయటికి వచ్చును. ఎంత గొప్ప మందైనను దాగినవానిని చేరలేదు. చాలని ఆ నూనె జనులను వెలుగులోనికి రప్పించెను. అంతేకాదు, డిచ్‌పల్లిలో ఈ రోగమును నేర్చుకొనిన జాన్ లో అను వైద్యుడు తరువాత నైజీరియా దేశపు ఉజుఆకోలికి పోయి, 1940ల చివర డాప్సోను అను చవుక బిళ్లను కొద్ది మోతాదున నోట ఇచ్చి ఫలితము చూపిన వారిలో ఒకడయ్యెను. నూనెను మూలబెట్టిన మందు నూనె వాడిన చేతులలోనుండియే కొంతవరకు వచ్చెననుట నాకు ఆశ్చర్యము.

మన కాలమున ఈ ప్రశ్న తలక్రిందులైనది. ఆమెకు మందు చాలలేదు గాని చేయి చాపెను. మనకు మందు చాలినంత కలదు, అదియు ఉచితముగా. 2005 చివర ప్రభుత్వము ఈ రోగము పదివేలమందిలో ఒకరికంటె తక్కువకు దిగినదని ప్రకటించెను. అయినను దేశములో ఏటా లక్షకు పైగా క్రొత్త రోగులు బయటపడుచున్నారు. పెండ్లి ప్రకటన చదువుటకు ముందు, "అయ్యగారూ, ఆ ఇంటిలో ఒకప్పుడు పెద్దరోగము ఉండెనట" అని నా చెవిలో చెప్పినవారు సంఘపు పెద్దలే. అన్యులను నిందింపకుడి. 1869 నాటి విడాకుల చట్టము మన క్రైస్తవులకు వర్తించునది. నయము కాని కుష్ఠు భర్తకో భార్యకో ఉన్నయెడల విడాకులు అడుగవచ్చునను మాట దానిలో 2001లో చేర్చబడెను. 2001లో! నయము చేయు మందులు వచ్చి అప్పటికి పందొమ్మిది ఏండ్లు. 2019లో పార్లమెంటు ఆ మాటను ఆ చట్టమునుండియు, ఇతర మతములవారి చట్టములనుండియు తీసివేసెను. ఆ పదునెనిమిది ఏండ్లు మన సంఘములలో దానిని గూర్చి ఒక్క ప్రసంగమైనను నేను వినలేదు.

మార్కు సువార్త మొదటి అధ్యాయమును మరల చదువుడి. ప్రభువు ఆ రోగిని మొదట ముట్టెను. శుద్ధుడవు కమ్మను మాట ఆ తరువాత వచ్చినది. అతడింకను అశుద్ధుడై యుండగానే ఆ చేయి అతనిమీద పడెను. మనమైతే నయమైనవానిని సహితము ముట్టుటకు వెనుకాడుచున్నాము.

చర్మముమీద వెలిసిన మచ్చగాని ఎఱ్ఱని మచ్చగాని కనబడి, అక్కడ దూదితో తాకినను తెలియకపోయినయెడల, ప్రభుత్వ ఆసుపత్రికి పొండి. ఆశా కార్యకర్త మీ ఇంటికి వచ్చి మచ్చలు చూపుమని అడిగినప్పుడు, వాకిటనే మాకేమియు లేదని పంపివేయక, లోపలికి పిలిచి కూర్చుండబెట్టి, మీ వీపును మీ పిల్లల వీపులను చూపుడి.