చూరు నీరు ఎవరి కర్మ?

వాన కురిపించేది దేవుడైతే, పక్కింటి గోడ చెమ్మగిల్లినందుకు జవాబు చెప్పవలసింది ఎవరు? ప్రశ్న చిలిపిగా కనబడుతుంది గాని, ఉపేక్ష పాపమా కాదా అన్న పాత ధర్మసందేహం దీని లోపలే ఉంది. చేసిన పనికి ఫలం తప్పదని అందరూ ఒప్పుకుంటారు. చేయకుండా వదిలేసిన పని మాటేమిటి? డాబా మీది తూముకు అడ్డంపడిన వేపాకు తీయకపోవడం కూడా కర్మే అవుతుందా? అవుతుందనే నేనంటాను.

ముందు నీటి లెక్క చూద్దాం. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. అక్కడ ఇల్లు లేకుండా మట్టినేలే ఉంటే ఆ నీరు పలచగా పరుచుకుని చాలావరకు ఇంకిపోయేది. ఇల్లు కట్టినవాడు దాన్ని ఇంకనివ్వకుండా ఆపి, పోగుచేసి, రెండు మూడు గొట్టాల్లోంచి ఒక్కచోట దింపుతున్నాడు. చినుకు దేవుడిదే, ధార మాత్రం ఇంటివాడిది. ఈ తేడా పాతవాళ్లకు బాగా తెలుసు. కౌటిల్యుడు అర్థశాస్త్రం మూడో అధికరణంలో ఇళ్ల తగాదాలు తీరుస్తూ, నీటి దారి పొరుగు గోడకు ఎంత ఎడంగా ఉండాలో చెప్పి, మీరినవాడికి 54 పణాల దండుగ విధించాడు. యూదుల మిష్నా చూరుగొట్టం మీద ఎవరికెంత హక్కో విచారించింది. రోమన్ న్యాయశాస్త్రంలో చూరునీటి హక్కుకు విడిగా ఒక పేరే ఉంది. మన శివాలయాల్లో అభిషేకజలం బయటికొచ్చే సోమసూత్రాన్ని ప్రదక్షిణలో దాటరు. దేవుడి ఇంటి నీటికే ఒక దారి, ఒక మర్యాద ఉన్నాయంటే మనిషి ఇంటి నీటికి ఉండవద్దా?

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. బుద్ధుడు చేతననే కర్మ అన్నాడు. పొరుగువాడి గోడ నానాలని ఎవరూ కోరుకోరు కదా, సంకల్పమే లేనప్పుడు పాపమెక్కడిది? తీసిపారేయదగ్గ మాట కాదిది. అయితే గృహస్థుడి విషయంలో మనుస్మృతి ఇంకోలా ఆలోచించింది. పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ అనే అయిదింటినీ పంచసూనలని, అంటే ఇంట్లో కోరకుండానే ప్రాణిహింస జరిగే చోట్లని లెక్కవేసి, వాటి దోషం పోవడానికి రోజూ పంచమహాయజ్ఞాలు చేయమంది. ఇల్లంటూ ఉన్నాక కొంత కీడు దానంతటదే పుడుతూ ఉంటుంది, కాబట్టి దాని పరిహారం కూడా ఒకసారితో తీరదు. చూరుగొట్టానికి ఇంతకంటే దగ్గరి తత్వం మరొకటి కనబడదు. పైగా సంకల్పం లేదన్న మాట కూడా ఎల్లకాలం నిలబడేది కాదు. మొదటి వానకు తెలియలేదంటే నమ్మవచ్చు. గోడ మీద అదే నాచుచార మూడో ఏడు కూడా కనబడుతుంటే, చూడకూడదని మనసు నిర్ణయించుకున్నట్టే. అదీ చేతనే.

నిజానికి ఈ లోపాలు దాక్కునేవి కావు. ఆకులూ పిట్టగూళ్ల పీచూ తూము నోట్లో చేరితే డాబా చెరువవుతుంది. జాలీ బిగించి, నెలకోసారి చేత్తో తీస్తే సరి. వాలు చాలకపోతే నీరు మూలల్లో నిలుస్తుంది. నూరడుగులకు ఒక అడుగైనా వాలు లేని డాబాకు మేస్త్రి చేత మళ్లీ గచ్చు వేయించక తప్పదు. తూము గోడ దాటి ముందుకు రాకపోతే నీరు గోడనే పట్టుకుని జారుతుంది, క్లాంపు ఊడిన గొట్టం అతుకు దగ్గర విచ్చుకుంటుంది, అడుగున వంపు లేని గొట్టం పునాది పక్కనే గుంట తవ్వుతుంది. అందం కోసం గొట్టాన్ని గోడలో పూడ్చినవాళ్లది మాత్రం వేరే కథ. కారుతున్నది కళ్లపడేసరికి సున్నం ఉబ్బిపోయి ఉంటుంది. కనబడని దోషాన్ని చేజేతులా ఏర్పాటు చేసుకోవడమే అది. గొట్టం బయటే ఉండనివ్వండి, కాస్త వికారంగా ఉన్నా సరే.

అన్నిటికంటే చిక్కు రావిమొక్కతో. పిట్టలు వేసిన గింజ తూము పక్క పగులులో మొలుస్తుంది. వేరు సన్నగా దూరి, లావెక్కి, గోడను చీలుస్తుంది. పీకడానికి చేయి రాదు, అశ్వత్థాన్ని నేనేనని గీతలో కృష్ణుడు అన్నాడు కాబట్టి. ఆ సంకోచాన్ని మూఢత్వమని కొట్టిపారేయను. చెట్టులో దేవుణ్ని చూసే కన్ను మంచి కన్నే. కానీ అదే గీత పదిహేనో అధ్యాయం గట్టిగా వేళ్లూనిన అశ్వత్థాన్ని అసంగమనే శస్త్రంతో నరకమంటుంది. అక్కడ చెప్పింది సంసారవృక్షం గురించే, తూము పక్క మొలక గురించి కాదని ఒప్పుకుంటాను. అయినా భక్తి పేరుతో పిరికితనాన్ని పెంచుకోవద్దన్న సూచన అందులో ఉంది. రెండాకుల మొక్కగా ఉన్నప్పుడే వేరుతో సహా తీసి, చెరువుగట్టునో గుడి ఆవరణలోనో నాటితే చెట్టూ బతుకుతుంది, గోడా నిలుస్తుంది. భయపడి వదిలేస్తే చివరికి గొడ్డలే దిక్కు.

అపార్ట్‌మెంటుల్లో ఇంకో వాదన వినిపిస్తుంది. డాబా అందరిదీ, మనమే ఎందుకు చూడాలని. తిలా పాపం తలా పిడికెడు అన్నది ఇలాంటిచోట నిజంగా వర్తించే మాట. పంచుకుంటే పాపం చిన్నదవుతుందని ఆ సామెత భరోసా ఇవ్వదు. వానగొట్టాన్ని డ్రైనేజీ లైనులో కలిపేసే ఇళ్లలో ఇది ఇంకా బాగా కనబడుతుంది. పెద్దవాన పడితే మ్యాన్‌హోల్ పొంగేది పల్లంలో ఉన్నవాళ్ల గుమ్మం ముందు. కలిపినవాళ్లు మెరకన ఉంటారు. ఆ నీటిని ఇంకుడుగుంతకు మళ్లించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఇక వాస్తు ప్రకారం నీరు ఈశాన్యానికే పోవాలన్న పట్టింపు ఉన్నవాళ్లతో నాకు పేచీ లేదు, ఆ ఈశాన్యంలో పొరుగువాడి గోడ లేకపోతే చాలు.

దైవఘటనకు చట్టం కూడా మినహాయింపు ఇస్తుంది. ఊహకందని ఉత్పాతాలకే అది. ఏటా జూన్‌లో చెప్పి మరీ వచ్చే వాన ఆ కోవలోకి రాదు. మృగశిర కార్తె రాకముందే ఒకసారి డాబా ఎక్కి, రెండు బిందెల నీళ్లు పోసి, అవి ఎవరి గోడ వైపు పోతున్నాయో చూడండి.